ముల్లు తీసిన చెయ్యి

యాడికి తీసకపోతాండాడు ఈ మనిషి నన్ను? శంషాబాదు ఎయిర్‌పోర్టులో, అద్దాల తలుపుల చేపల హోటల్లో, మెత్తటి కుర్చీలో కూచున్నప్పటి నుంచి సుబ్బలక్ష్మమ్మకు ఇదే రంధి. యాడికని నోరు తెరిచి అడిగితే జవాబు ఉండనే ఉండాది: వైజాగుకు, ఎల్లుండి పెండ్లికి, పీటల మీద కూచునేదానికి. వేంపల్లెలో కారెక్కినప్పటి నుంచి ఎన్నిసార్లడిగినా ఆమె మొగుడు రామకృష్ణ అదే మాట, అదే తీరు, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్తానే ఉండాడు. అదే ఆమెకు నచ్చలా. నిజం చెప్పేవాడు ఒకసారి ఒక ముక్క ఎక్కువ చెప్తాడు, ఒకసారి తక్కువ చెప్తాడు, మళ్లా అడిగితే "నీకేం పనీపాటా లేదా మే" అని కసురుకుంటాడు. ఈ మనిషి మామూలుగా కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినా కసురుకునేవాడే. ఈ పొద్దు కసురుకోలా. కర్నూలు దాటినా కసురుకోలా, సామాన్లు తూకం వేసేకాడ ఆమె సంచి జిప్పు ఊడి పసుపు కుంకుమ పొట్లాలు నేల మీద పడినా కసురుకోలా, వంగి తనే ఏరిచ్చినాడు. ఏరిచ్చినాడు! జారిపడిన తన తువ్వాలు కూడా తాను తీసుకోని మనిషి. మొగుడు మంచిగా ఉంటే సంతోషపడల్ల గానీ ఈ అనుమానమేంది, నాకేమన్నా పిచ్చా అని తనను తానే తిట్టుకునింది. తిట్టుకున్నా అది పోలా, పక్క కుర్చీలో ఇంకో మనిషి మాదిరి కూచునే ఉండాది.

ఇమానం ఆలస్యమంట. నిలబడి కాఫీ తాగే అంగళ్లు ఎన్నో ఉండాయి గానీ మోకాళ్లు పట్టుకుపోయిన ఆడమనిషి నిమ్మళంగా కూచుని ఇంత తినేదానికి ఇదొక్కటే ఉండాదని మొగుడు, ఆయప్పే, అన్నాడు. నిజమేనా? నడిచొచ్చిన దావంతా ఆమె చూసుకుంటానే వచ్చె. ఆయప్ప ఇంకో అంగడి కల్లా తలన్నా తిప్పలా, బోర్డు మీద చేప బొమ్మ కనపడంగానే కాళ్లు నేరుగా ఈడికే నడిచినాయి. లోపల పెద్ద గాజుపెట్టెలో మంచుగడ్డలు పోసి వాటి మీద చేపలను వరసగా పండబెట్టినారు, కండ్లు తెరుచుకునే ఉండాయి. ఎట్ల కూచున్నా అవి తననే చూస్తాండాయని ఆమె కొంగు సర్దుకునింది. బల్ల మీద నల్లరాయి. అలవాటు చొప్పున వేలితో తట్టింది, కడప బండ కాదు, వేరే యాడి రాయో. బండల వ్యాపారి పెండ్లాం కదా, ఎవరింటికి పోయినా ముందు వంటింటి గట్టును తట్టి చూస్తాది. "పీటల మీద కూచునేవాళ్లం, నీచెందుకు ఇప్పుడు?" అనింది. "పెండ్లి ఎల్లుండి కదమే, రేపు తలకు పోసుకుంటే సరిపోతాది" అన్నాడు ఆయప్ప, మెల్లగా, మెత్తగా.

పీటలంటే మాటలా? బిడ్డలు లేనోళ్లకు కన్యాదానం చేసే రాత యాడుంటాది? అందుకే దిక్కులేని పిల్లను ఎవరినో ఒకర్ని చూసుకుని, పీటల మీద కూచుని, పెండ్లికొడుకు కాళ్లు కడిగి ధారపోస్తారు, కన్నంత పుణ్యమంట. వేంపల్లె చుట్టుపక్కల అట్ల చేసినోళ్లు శానామందే ఉండారు. ఆమె కూడా ఎన్నోసార్లు నోరు తెరిచి అడిగింది, ఫలానా పేదపిల్ల ఉండాది మనం కూచుందామా అని. "ఊరోళ్ల బిడ్డలతో మనకేం పని, నోరు మూసుకో" అనేవాడు. అట్లాంటిది పోయిన నెల తనంతట తానే వచ్చి చెప్పినాడు, వైజాగు డిపోలో బండలు చూసుకునే సింహాచలం అనేవాడు పోయి శానా దినాలాయె, వాని బిడ్డ మధులతకు పెండ్లి, తల్లి కూడా లేదు, మనమే పీటల మీద కూచోవల్ల అని. "ఒక్కణ్నే కూచునేదానికి కుదరదు, పక్కన నువ్వుండల్ల" అన్నాడు. ఆ మాటకు ఆమె వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని సంతోషంతో ఏడ్చింది. ఇప్పుడు ఆ మాటనే తిరగేసి మరగేసి చూసుకుంటాండాది. ఒక్కణ్నే కుదరదన్నాడంటే, కుదిరింటే ఒక్కడే పోయుండునా? నేను కావల్సొచ్చింది పక్కన పీట నింపేదానికేనా? ఇన్నేండ్లలో ఈ సింహాచలం పేరు ఆయప్ప నోట వినిందే పోయిన నెల. ఆ పిల్ల ఈ మనిషికి ఏమవుతాది? అది తెలీకుండా ఆ పీట మీద ఎట్ల కూచునేది, ఏమని ధారపోసేది?

కర్నూల్లో లక్ష్మక్క ఇంటికాడ దిగకుండా వచ్చేసినా బాగుండు. లక్ష్మక్క ఆమె తోడబుట్టిన అక్క. వరద పోయి ఇన్నాళ్లయినా ఆ ఇంటి గోడల మీద తుంగభద్ర నీళ్లు నిలిచిన గీత అట్లనే ఉండాది, సున్నం కొట్టినా లోపల నుంచి ఊరొస్తాంది. ఆ గీత కింద నిలబడుకుని, మజ్జిగ గ్లాసు చేతికిస్తా, "నీ మొగుడు నిన్ను ఇమానం ఎక్కిస్తాండాడంటే ఊరికేనా మే? తిరపతికి బస్సులో తీసకపొమ్మంటేనే ముఖం మాడ్చుకునే మనిషి. ఎందుకని అడిగినావా?" అనింది లక్ష్మక్క. "నీకెప్పుడూ ఆయన మీద ఏడుపే" అని ఆమె నవ్వేసింది. కార్లో కూచున్నాక నవ్వు పోయి మాట మిగిలింది. చీర సంగతి అక్కకు చెప్పలా, చెప్పింటే ఇంకేమనుండునో. పెండ్లికూతురికి పెట్టే పట్టుచీర ఆయప్ప ఒక్కడే ధర్మవరం పోయి తెచ్చినాడు, ముదురు ఎరుపు, సన్నంచు. పెండ్లిచీరకు ఇంత సన్నంచేందని అడిగితే, "పొడుగు మనిషి కాదు, పెద్దంచు వేస్తే చీరలో మునిగిపోతాది" అన్నాడు. ఇంట్లో పెండ్లాం కట్టిన చీర పాతదో కొత్తదో తెలీని మొగోడు, ఎవరి బిడ్డకో యా అంచు నప్పుతాదో ఎట్ల చెప్పె? అప్పుడే గట్టిగా పట్టుకుని అడగల్సింది. రంగు చూసి మురిసిపోయి అడగలా, ఎర్రి మొగం!

"ఏం తీసుకుంటారండీ?" అని వచ్చినాడు ఆర్డరు రాసుకునే ఆయన, నడివయసు మనిషి, చొక్కా మీద లేవి అని పేరు బిళ్ల. ఆయప్ప ముందర పెట్టిన మెనూ అట్టను తెరవనే లేదు. "కానాగంతలు ఉండాయా?" అన్నాడు. లేవి ముఖం విప్పారింది. "కానాగంతలు ఇక్కడ పెట్టరండీ బాబూ, పెద్ద హోటలు కదా. చందువ ఉంది, పండుగొప్ప ఉంది, వంజరం ముక్కలున్నాయి." "ముక్కలొద్దు. పండుగొప్ప చిన్నది చూసి, తలకాయతో మొత్తంగా కాల్చియ్యి. అన్నం, పులుసు వేరే గిన్నెలో." "తమరు మా కోస్తా వైపు వారేనాండీ?" అని నవ్వినాడు లేవి. "కాదులేప్పా, కడప. వ్యాపారం మీద వస్తా పోతా ఉంటా" అని ఆయప్ప ఎందుకో గబగబా అట్టను మూసేటట్టు నొక్కి ఇచ్చేసినాడు, అది మూసే ఉండాదని కూడా చూసుకోకుండా. కానాగంతలంట, పండుగొప్పంట! వేంపల్లెలో చేపకు పేరుంటాదా? పాపాఘ్ని ఏట్లో ఇసుక తప్ప ఏముండాది? ఏదో ఒక ఏడు చెరువు నిండితే చేపలంటారు, పులుసు పెడతారు, అయిపోయె. అట్ల ఒక ఏడు ఆమె పక్కింటామెనడిగి, తిప్పలు పడి పులుసు పెడితే, ఆయప్ప పళ్లెం తోసేసి "ఈ కంపు నా ఇంట్లో వద్దు" అని లేచిపోయినాడు. అంత ఇష్టం లేదేమో అని చట్టితో సహా పారబోసి, మళ్లా ఎప్పుడూ చెయ్యలా. ఇప్పుడు తెలుస్తాంది, నా ఇంట్లో వద్దన్నాడు గానీ నాకొద్దని అనలా.

నా ఇంట్లో. ఈ మాట ఇంకోసారి కూడా అన్నాడు. అత్త బతికున్నన్నాళ్లు, ఇంకోదాన్ని చేసుకోరా, ఇల్లు నిలబడల్ల అని కొడుకును పోరు పెడతాంటే, ఒకనాడు నలుగురిలో లేచి నిలబడి "నా ఇంట్లోకి ఇంకో ఆడది రాదు" అని చెప్పినాడు. ఊరంతా మెచ్చుకునింది, ఆమె గుండె ఎంత పొంగిందో ఆ పొద్దు! ఆమె మాత్రం ఊరుకోలా, మింగని మందు లేదు, మొక్కని గుడి లేదు, చివరకు అన్నీ వదిలి రాఘవేంద్రస్వామిని పట్టుకునింది. ప్రతి శ్రావణంలో ఆరాధన దినాలకు మంత్రాలయం పోయి, తుంగభద్రలో మునిగి, తడి చీరతో బృందావనం చుట్టూ కాళ్లు బొబ్బలెక్కేదాకా తిరిగేది. లక్ష్మక్క తోడుండేది. ఆయప్పను రమ్మంటే లోడు ఉండాది, వైజాగు పోవల్ల, నీ మొక్కు నీది, నువ్వు పోయిరా. తిరిగొచ్చి ఆ కాళ్లకు వెన్న పూసుకుంటా ఏడుస్తాంటే తల నిమిరి, "పిల్లలు లేకుంటే లేకపోనీలే, నాకేం దిగులు లేదు" అనేవాడు. లోకంలో ఇట్లాంటి మొగుడుంటాడా అనుకునేది. ఆ తల నిమిరిన చెయ్యే ఇప్పుడు నల్లరాయి మీద ఊరికే తాళం వేస్తాండాది. దిగులెందుకు లేదు? బిడ్డ లేదని దిగులు పడని మొగోణ్ని ఆమె ఇంకొకణ్ని చూడలా.

చేప వచ్చింది, తలా తోకతో, పొడుగాటి పళ్లెంలో, పైన నిమ్మచెక్కలు. ఆయప్ప చెంచాలూ కత్తులూ పక్కకు తోసి చెయ్యి పెట్టినాడు. సంగటి ముద్ద తెంపే మొద్దు చెయ్యి అది. కోడి ఎముకైతే పటపట కొరికి ఊసేస్తాడు, అదే ఆయప్పకు తెలిసిన తిండి అని ఇన్నాళ్లూ ఆమె అనుకునింది. ఆ చెయ్యి ఇప్పుడు చేప వీపు మీద బొటనవేలితో ఒక గీత గీసింది, పై కండ పక్కకొచ్చింది, తోక పట్టి మెల్లగా లేపితే నడిమి ముల్లు తలకాయతో సహా లేచొచ్చింది. అంతా మాట్లాడుకుంటానే, పురోహితుడు ఎవురో, విడిది యాడో చెప్పుకుంటానే, చేప కల్లా చూడకుండానే చేసినాడు. ఇది హోటళ్లలో నేర్చుకునే పని కాదు. ఇంట్లో, నేల మీద, ఎదురుగా ఎవరో కూచుని, అట్ల కాదు ఇట్ల అని నవ్వుతా నేర్పితే వస్తాది, నేర్చుకున్నాక ఏండ్ల తరబడి తింటే చేతిలో ఉండిపోతాది. ఎవరామె? సుబ్బలక్ష్మమ్మ కండ్ల ముందర ఒక వంటిల్లు లేచి నిలబడింది, నల్లటి గట్టు, మన బండే, కడప బండే, ఆయప్ప లోడులో నుంచి మంచిది ఏరి నున్నగా అరగదీయించిన బండ, దాని మీద చేప తోముతా ఒక ఆడమనిషి. ముఖం కనపడలా, గాజులు కనపడినాయి. ఛీ ఛీ, ఏం మనసే నీది అనుకునింది. ఆ గాజులు మాత్రం పోలా, చప్పుడు కూడా వినపడతాంది.

"ఆ పిల్ల వాళ్లమ్మ ఎట్ల పోయింది?" అనింది, అన్నంలో వేలు పెడతా.

"కామెర్లు."

"ఎప్పుడు?"

"పోయినేడు. ఉగాది ముందర."

"నువ్వు పోయింటివా?"

"పోయింటి. మన డిపోలో పనిచేసినోని పెండ్లాం కదా, పోకుంటే బాగుంటాదా" అన్నాడు ఆయప్ప, ఆమె ముఖంలోకి చూడకుండా.

పోయినేడు ఉగాది ముందర! ఆ ఉగాదికి ఈ మనిషి పచ్చడి కూడా ముట్టుకోకుండా గోడ కల్లా తిరిగి పండుకున్నాడు. ఘాటులో లారీ పడింది, లోడంతా పగిలిపోయింది అన్నాడు. ఆమె పక్కన కూచుని, కాళ్లొత్తుతా, "పోతే పోయినాయిలే, బండలే కదా, మనుషులు బాగుండారు కదా" అని ఓదార్చింది. దిండు తడిసిపోయింది ఆ పొద్దు. బండల కోసం ఎవడన్నా దిండు తడుపుకుంటాడా? ఎంత అమాయకురాలివే సుబ్బలక్ష్మీ, ఎవరి సావుకు ఎవర్ని ఓదార్చినావు? లేచి పళ్లెం విసిరి కొడదామనిపించింది. అంతలోనే ఇంకో మనసు, సరే, ఉండిందే అనుకో, సచ్చిపోయింది కదా, సచ్చిపోయిన దానితో నాకేం కొట్లాట, దాని బిడ్డకు దిక్కు లేదని ఈయప్ప జాలిపడినాడు, అంతే, అంతే అని సర్ది చెప్పింది. ఆ సర్దుబాటులో ఇంత చేప, ఇంత అన్నం కలిపి నోట్లో వేసుకుని నమలకుండా మింగింది.

ముల్లు గొంతులో గుచ్చుకునింది. దగ్గు, కండ్ల వెంట నీళ్లు. ఆయప్ప ఉలిక్కిపడి ఉత్త అన్నం గట్టి ముద్ద చేసి ఆమె నోట్లో పెట్టి, "నమలద్దు, మింగు, మింగు" అని వీపు నిమిరినాడు. ముల్లు జారింది. "చేప అట్ల తింటారామే? ఉండు, నేను తీసిస్తా" అని ఆమె పళ్లెం తన ముందుకు లాక్కున్నాడు.

ఆమె కండ్లు తుడుచుకుని ఆ చేతినే చూస్తా కూచునింది. చేప కండ చిటికెడు తీసుకున్నాడు. బొటనవేలికీ రెండు వేళ్లకూ మధ్య మెత్తగా నలిపినాడు, ముల్లు తగులుతాదేమోనని ఒకసారి తడిమినాడు, నమ్మకం లేక మళ్లా తడిమినాడు. ఇంత అన్నం చేర్చి, పులుసు అద్ది, గుండ్రంగా చుట్టి పళ్లెం అంచు మీద పెట్టినాడు. దాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. నోరు బాజాబజంత్రీల గురించి చెప్తానే ఉండాది, చెయ్యి దాని పని అది చేసుకుంటాండాది. ఇంతింత ముద్దలు! ఇంత ఆడమనిషికి అవి యా మూలకు? పాలపండ్ల నోట్లో పట్టేటంత ఉండాయి. ఒకటెత్తి ఆమె కల్లా చెయ్యి చాపినాడు, చాపుతా తనకు తెలీకుండానే తన నోరు కూడా కొంచెం తెరిచినాడు. తినిపించే తల్లులు అట్లనే తెరుస్తారు. లక్ష్మక్క తన పిల్లలకు పెట్టేటప్పుడు ఆమె ఎన్నిసార్లు చూసిందో, ఎంత కుళ్లుకుని చూసిందో. పెండ్లానికి గానీ ఉంచుకున్నదానికి గానీ ఎవడూ ఇట్ల చుట్టడు, వాళ్ల ముల్లు వాళ్లే తీసుకుంటారు. నలిపి, తడిమి, మళ్లా తడిమి, నోరు తెరిచి పెట్టేది బిడ్డకే.

దిగులెందుకుంటాది ఈ మారాజుకు! నా ఇంట్లోకి ఇంకో ఆడది రాదన్నాడు, మాట మీదే నిలబడినాడు, ఆమె రాలా, ఈయప్పే పోయినాడు, సింహాచలం పేరు అడ్డం పెట్టుకుని. చీరకు అంచెట్ల ఎంచినాడంటే కన్నబిడ్డ ఎత్తు తండ్రికి తెలీదా. మంచు మీద చేపలు చూస్తానే ఉండాయి. చివరకు వచ్చిన మాట మామూలుగా, పక్కింటామెను పలకరించినట్టు వచ్చింది.

"మధులతకు ఎన్నాళ్లదాకా తినిపించినావు ఇట్ల?"

"బడికి పోయేదాకా. ఆ తర్వాత కూడా, నేను పోయినప్పుడల్లా నాన్నే పెట్టల్ల అని..." అనేసినాడు ఆయప్ప, ఇంకో ముద్ద చుడతానే. అనేసినాక చెయ్యి ఆగిపోయింది.

పైన మైకులో వైజాగు ఇమానం సిద్ధంగా ఉండాదని ఎవరో చెప్తాండారు. ఆయప్ప లేవలా. ముఖం బూడిద రంగుకు తిరిగింది. "చెప్పల్లనే అనుకుంటి. యాడ మొదలు పెట్టల్లో తెలీలా. ఆ యమ్మ..."

"ఆ యమ్మ మాట నా దగ్గర ఎత్తద్దు, సచ్చిపోయింది. ఆ బిడ్డ పుట్టింది యా దినమో అది చెప్పు. ఆ పొద్దు నేనేం చేస్తాంటినో నాకు తెలియల్ల."

ఆయప్ప తల వంచుకున్నాడు. తనలో తాను అనుకున్నట్టు, "శ్రావణంలో. ఆరాధన దినాలు. నువ్వు మంత్రాలయంలో ఉంటివి" అన్నాడు.

తడి చీర కాళ్లకు చుట్టుకుంటాంది, రాళ్లు కాలుతాండాయి, పక్కన లక్ష్మక్క ఇంగ చాలు రామ్మే అని చెయ్యి పట్టి లాగుతాంది, ఆమె వినడం లేదు, స్వామీ ఒక్క బిడ్డ, ఆడపిల్లయినా సరే, నల్లదయినా సరే, ఒక్క బిడ్డ అని గొణుక్కుంటా తిరుగుతాంది. ఆ పొద్దు యాడో సముద్రం ఒడ్డున ఒక ఆడపిల్ల కేరుమనింది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో సుబ్బలక్ష్మమ్మకే తెలీలా. ఇచ్చినాడు. స్వామి మాట తప్పలా, ఇల్లు తప్పి ఇచ్చినాడు. పళ్లెం అంచు మీది ముద్ద ఒకటి తీసుకుని, ఆయప్ప చేతి మీద నమ్మకం లేక తన వేళ్లతో తాను నలిపి చూసుకునింది. ముల్లు లేదు. నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి మింగి, చీర సంచి చంకన పెట్టుకుని లేచింది.

"లెయ్, చెయ్యి కడుక్కో. నీ సంగతి వేంపల్లెలో చూస్తా" అనింది. "నేను కూచుంటా పీటల మీద. కాళ్లు బొబ్బలెక్కేదాకా తిరిగి ఆ బిడ్డను అడుక్కునింది నేను. ధార నేను పోస్తా. నువ్వు పక్కన పీట నింపు, చాలు."